పడుట కూడ ఒక విద్యే

విశాఖపట్టణపు రేవుకు జపాను దేశంతో ఉన్న పరిచయం నేటిది కాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన ఆ దేశపు విమానాలు ఈ రేవుమీద బాంబులు కురిపించినవి. ఊరు విడిచి పల్లెలకు తరలిపోయిన కుటుంబాల కథలు పెద్దల నోట విన్నవారు మనలో ఇంకా ఉన్నారు. తరువాత పాతికేళ్లు గడిచేసరికి బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం కొత్తవలస దారిన రైలులో దిగివచ్చి, ఇదే రేవులో ఓడలకెక్కి, అదే జపానుకు ప్రయాణం కట్టినది. బాంబు వచ్చిన సముద్రం మీదనే వర్తకం సాగినది. ఆ దేశం నుంచి మనకు అందిన మరొక వస్తువును గురించి ఈ వేళ ముచ్చటించదలచినాను. దానికి సుంకం లేదు, తూకం లేదు. దాని పేరు జూడో.

మొన్న ఒక సాయంకాలం మన నగరంలోని ఒక జూడో శిక్షణశాలకు వెళ్లాను. పైన రేకుల కప్పు, నాలుగు దీపాలు, నేలమీద అంచులు కలిపి పరచిన దళసరి చాపలు. ఇంతకు మించిన ఆడంబరం అక్కడ లేదు. తెల్లని మోటుబట్ట అంగీలు తొడిగిన పిల్లలు ఇరవైమంది వరుసగా కూర్చుండి గురువుగారికి వంగి నమస్కరించారు. కుస్తీ వంటిదేదో చూడవచ్చునని వెళ్లిన నాకు మొదటి అరగంట కనిపించినదంతా పడటమే. వెనుకకు పడుతున్నారు, ప్రక్కకు పడుతున్నారు, ముందుకు దొర్లి లేస్తున్నారు. పడిన ప్రతిసారి అరచేయి చాపను చరచిన చప్పుడు రేకుల కప్పు క్రింద మారుమ్రోగుతున్నది.

తరువాత జంటలుగా విడిపోయారు. పదిహేడేళ్ల పొడగరి యువకుడొకడు తొమ్మిదేళ్ల పిల్ల ఎదుట నిలిచాడు. ఆ పిల్ల అతని అంగీ పట్టుకొని, మళ్లీ మళ్లీ తిరిగి, అతనిని పడవేయడానికి ప్రయత్నిస్తున్నది. పట్టు కుదరనప్పుడు అతడు కదలలేదు. కుదిరిన మరుక్షణం చక్కగా పడ్డాడు. చిన్నపిల్ల ముచ్చట తీర్చడానికి ఊరికే పడిపోవచ్చును గదా అని నేను తరువాత అతనిని అడిగాను. "అట్లా పడితే ఆమెకు అబద్ధం నేర్పినట్టు అవుతుందండీ" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఈ ప్రసంగం సిద్ధం చేశానని చెప్పినా తప్పులేదు.

జూడో విద్యకు మూలపురుషుడు కానో జిగోరో. 1860లో జన్మించాడు. బాల్యంలో అర్భకుడు, బడిలో బలవంతులైన పిల్లల చేత బాధలు పడినవాడు. ఆత్మరక్షణ కోసం జుజుత్సు అనే పాత యుద్ధవిద్యను అభ్యసించాడు. తనతోపాటు సాధన చేసే ఫుకుషిమా అనే స్థూలకాయుని ఎంతకూ పడవేయలేక, జపానీ మల్లయుద్ధాన్ని, పాశ్చాత్యుల కుస్తీ గ్రంథాలను పరిశీలించి, ఒక కొత్త పట్టును కనుగొన్నాడని ప్రసిద్ధి. ఎదుటివాని క్రిందికి దూరి, వానిని తన భుజాల మీదికి అడ్డంగా ఎత్తుకొనే పట్టు అది. దానికి కత-గురుమ అని పేరు. ఈ పట్టును జ్ఞాపకం ఉంచుకొనవలసినదిగా శ్రోతలను కోరుతున్నాను; దానితో మనకు మళ్లీ పని ఉన్నది.

1882లో కానో టోకియోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో పండ్రెండు చాపల వైశాల్యంగల గదిలో తన పాఠశాలను ఆరంభించాడు. ఆనాటికి ఆయన వయస్సు 21 ఏళ్లు. మొదటి సంవత్సరం చేరిన శిష్యులు తొమ్మిదిమంది. ప్రాణం తీయగల ప్రమాదకరమైన ప్రయోగాలను స్వేచ్ఛా సాధన నుంచి తొలగించి, పడినవానికి దెబ్బ తగలకుండ పడే పద్ధతిని క్రమబద్ధం చేసి, యుద్ధవిద్యను విద్యార్థుల విద్యగా మార్చాడు. స్వయంగా ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధ్యక్షత వహించినవాడు కనుక ఆయనకది సాధ్యమైనది. దీర్ఘకాలం ఆలోచించిన మీదట జూడోకు రెండు సూత్రాలను నిర్దేశించాడు. ఉన్న శక్తిని మేలైన రీతిలో వినియోగించుట మొదటిది. తానూ పరులూ కలిసి అభ్యుదయం పొందుట రెండవది. మన క్లబ్బులలో మొదటి సూత్రానికి లభించే శ్రద్ధ రెండవ దానికి లభించడం లేదని నా అభిప్రాయం. ఆ రెండవది లేనిదే మొదటిది కూడ పూర్తి కాదని చెప్పడమే నా ఉద్దేశం.

"జు" అనగా మెత్తదనం, ఒదుగుదల. ఉక్కునగరం ప్రక్కన ఉన్న మనకు దీనిని వేరుగా వివరించనక్కర లేదు. గట్టిదనం ఒక్కటే చాలునన్నచో పోత ఇనుముతో సరిపెట్టుకొనవచ్చును. కాని పోత ఇనుము దెబ్బకు పగులుతుంది. ఉక్కు వంగుతుంది, సాగుతుంది, భారాన్ని ఓర్చుకొంటుంది. జూడో విద్యార్థి దేహం ఆ గుణాన్ని అలవరచుకొనడం పడటంతోనే మొదలవుతుంది.

పడటంలో విద్య ఏమున్నది అని అడగవచ్చును. అలవాటు లేనివాడు పడేటప్పుడు చేతులు చాచి నేలను ఆపబోతాడు, మణికట్టు విరుగుతుంది. వెల్లకిలా పడితే తల వెనుకకు వాలి నేలకు కొట్టుకొంటుంది. జూడోలో గడ్డాన్ని రొమ్మునకు ఆన్చడం మొదట నేర్పుతారు. తల నేల తాకకూడదు. వీపును గుండ్రంగా వంచుతారు. ఊపిరి వదులుతూ, చేతిని ప్రక్కకు ఏటవాలుగా చాచి, ముంజేయి, అరచేయి ఒక్కసారిగా చాపను చరుస్తారు. దెబ్బ ఒక్క ఎముక మీద పడక దేహమంతటా పంచుకొనబడుతుంది. ఇది వందలసార్లు జరిగి ఒంటికి పట్టిన తరువాతనే ఇతరులను పడవేసే పాఠం.

ఇక్కడ ఒక విశేషం ఉన్నది. పరుగు ఒంటరిగా సాధన చేయవచ్చును. ఈత ఒంటరిగా సాధన చేయవచ్చును. జూడోకు మాత్రం తన దేహాన్ని మీకు అప్పగించే మరొక మనిషి కావాలి. ఆ మనిషి మీ చేతిలో పడి, లేచి, మళ్లీ నిలబడితేనే మీకు విద్య అబ్బుతుంది. నొప్పి భరించరానిదైనప్పుడు అతడు రెండుసార్లు అరచేత తట్టుతాడు; తట్టిన క్షణంలో మీరు పట్టు వదలాలి. ఆ నమ్మకం లేకపోతే ఆ చాప మీద ఎవడూ అడుగు పెట్టడు. నైపుణ్యం అనే మేడకు పునాదిరాయి పరుల దేహం. దీనిని అర్థం చేసుకొన్న విద్యార్థికి సేవను గురించి ఉపన్యాసం అవసరం లేదు. అతడు మొదటి దినం నుంచీ సేవ పొందుతూనే ఉన్నాడు.

ఈ సందర్భంలో నా తప్పు ఒకటి చెప్పుకొంటాను. మా అబ్బాయి నాలుగేళ్లు జూడో నేర్చుకొన్నాడు. పదవ తరగతికి వచ్చేసరికి, చాలామంది తండ్రులవలెనే నేను కూడ, ఆటలు చాలు, ఇక చదువు అని మానిపించాను. వాడు ఎదురు చెప్పలేదు. పరీక్షలు ముగిసిన తరువాత వాని అంగీ సంచిలో పెట్టుకొని నేనే మళ్లీ తీసుకొనిపోయాను. గురువుగారు నన్ను నిందించలేదు. మా వానివంక చూచి, "నీవు లేని పదినెలలూ ఈ చిన్నపిల్లలకు పడేవాడు కరువైనాడు" అన్నారు. అంతవరకు నేను లెక్క వేసుకొన్నది మా వాని పతకాలు, మా వాని మార్కులు. వానిని మానిపించడంలో ఎవరో ముక్కు మొగం తెలియని పిల్లల సాధన కూడ ఆగిపోతుందని నాకు తోచలేదు. మన పిల్లవాడు మన ఇంటి సొత్తు మాత్రమే అనుకొనే తండ్రుల కోసం ఈ సంగతి చెప్పుతున్నాను. వారానికి రెండు సాయంకాలాలు పోయినంత మాత్రాన పదవ తరగతి పోదు.

ఇక నైపుణ్యం సంగతి. పట్టులో మూడు దశలుంటవి. ఎదుటివాని నిలకడను కదల్చడం మొదటిది. తన దేహాన్ని అందుకు అనువుగా అమర్చుకొనడం రెండవది. పడవేయడం మూడవది. కొత్తవారు మొదటి రెండింటినీ దాటవేసి మూడవ దానికి తొందరపడతారు. నిలకడ చెదరని మనిషిని లాగడం గోడను లాగడం వంటిదే. అందువల్ల యువ మిత్రులకు నా మనవి: పది పట్టులను పైపైన తెలిసికొనడం కంటె రెండు పట్టులను కుడివైపునా ఎడమవైపునా ఒంటికి పట్టేవరకు సాధన చేయండి. మీకంటె బరువైనవారితో ఎంత సాధన చేస్తారో, మీకంటె తేలికైనవారితోనూ అంత చేయండి. ఒక చిన్న పుస్తకంలో ఏ దినం ఏ పట్టు ఎందుకు తప్పినదో వ్రాసుకోండి. నడికట్టు రంగు తెలుపు నుంచి నలుపుకు మారడానికి ఏళ్లు పడతవి. ఆ ఏళ్లే విద్య.

ఈ విద్య పరాయిదన్న సంకోచం కూడ అక్కర లేదు. కర్రసాము, గరిడీ, కుస్తీ వర్ధిల్లిన ప్రాంతం మన ఉత్తరాంధ్ర. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ విద్య బోధించి, ఉక్కు గొలుసులు త్రెంచి, ఏనుగును రొమ్ముమీద నిలిపి, కలియుగ భీముడని పేరుపొందిన కోడి రామమూర్తినాయుడుగారు ఈ గాలి పీల్చి పెరిగినవారే. జూడో మాటకు వస్తే, 1929లోనే విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరు టాకాగాకి అనే జపానీ ఆచార్యుని శాంతినికేతనానికి రప్పించి ఆ విద్య బోధింపజేశారు. బాలికలు కూడ నేర్చుకొన్నారు. ఆర్థికశాస్త్రవేత్త అమర్త్యసేన్ తల్లి అమితాసేన్ ఆ బాలికలలో ఒకరు. ఆడపిల్లకు ఈ కుస్తీ ఎందుకని నేడు మన వీధులలో అడిగేవారికి శాంతినికేతనం సుమారు నూరేళ్ల నాడే సమాధానం చెప్పినది. మణిపురి యువతి సుశీలాదేవి 2014లోను, 2022లోను కామన్వెల్తు క్రీడలలో రజత పతకాలు సాధించి ఆ సమాధానాన్ని బలపరచింది.

ఇప్పుడు సేవ. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను దాదాపు గంటకు 180 కిలోమీటర్ల వేగంతో మన నగరం మీద విరుచుకుపడిన దినం. మహావృక్షాలు కూకటివేళ్లతో పెకలివచ్చినవి. దీపాలు లేవు, నీళ్లు లేవు, టెలిఫోను లేదు. మరునాడు మా ఎదురింటి వృద్ధురాలికి ఆయాసం ఎక్కువై ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినది. వీధి పొడుగునా చెట్లు అడ్డం. కండబలంగల యువకుడొకడు ముందుకు వచ్చి, నడుము వంచి, ఆమెను ఒంటరిగా ఎత్తబోయి తూలాడు, ఇద్దరూ పడవలసినవారే. ప్రక్కవీధి నుంచి వచ్చిన సన్నపాటి కుర్రవాడు ఒకడు, "అట్లా కాదు" అని, ఆమెను కుర్చీలో కూర్చుండబెట్టి, ముందొకరిని వెనుకొకరిని నిలిపి, మోకాళ్లు వంచి, నడుమును బరువు కంటె క్రిందికి దించి, కుర్చీని ఒంటికి దగ్గరగా పట్టి లేపించాడు. కొమ్మలు దాటుకొంటూ పెద్దవీధి దాక మోశారు. అతడు ఏమి నేర్చినవాడో నేను అడగలేదు. ఇన్నేళ్లకు శిక్షణశాలలో పిల్లలు మోకాళ్లు వంచి, నడుము దించి, ఎదుటివానిని ఒంటికి దగ్గరగా లాక్కొనడం చూచినప్పుడు ఆ కుర్చీ జ్ఞాపకం వచ్చినది. ధర్మం ఒక్కటే; అక్కడ పడవేయడానికి, ఇక్కడ మోయడానికి.

కానో కనుగొన్న పట్టును జ్ఞాపకం ఉంచుకొనుమన్నాను గదా. ఎదుటివానిని భుజాలమీద అడ్డంగా ఎత్తే ఆ కత-గురుమను చూచినవారికి, మంటలలోనుంచి స్పృహతప్పిన మనిషిని అగ్నిమాపక దళంవారు మోసుకొనివచ్చే పద్ధతి స్ఫురించక మానదు. చేతులు అవే, భుజాలు అవే. చివరి క్షణంలో నేలకు కొట్టుటా, పదిలంగా దించుటా అన్నంతే భేదం. మెడకు, వెన్నెముకకు దెబ్బ తగిలినదన్న అనుమానమున్న మనిషిని మాత్రం, వేరే ప్రాణాపాయం ముంచుకొస్తే తప్ప, తెలియనివారు కదల్పరాదు. ఎత్తడం ఎంత విద్యయో, ఎప్పుడు ఎత్తకూడదో తెలియడం అంతే విద్య. అందుకే సేవకు కూడ శిక్షణ అవసరం.

జూడో విద్యార్థులు చేయదగిన పనులు కొన్ని సూచిస్తాను. మొదటిది మీ క్లబ్బులోనే ఉన్నది. సాధనకు ముందు చాపలు పరచడం, తరువాత తుడిచి సర్దడం, పోటీల దినాన కాలం చూడటం, అంకెలు వేయడం, కొత్తగా వచ్చి భయపడుతున్న పిల్లవాని ప్రక్కన నిలబడటం. ఈ పనులు చేయనివాడు బయట ఏ సేవకు పోయినా ఫోటో కోసమే పోయినట్లు.

రెండవది మన ఇండ్లలోని వృద్ధుల కోసం. ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది కేవలం పడిపోవడం వల్ల మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అరవై దాటినవారే ఎక్కువ. స్వీడన్ వంటి దేశాలలో జూడో శిక్షకులు పెద్దవారికి నిలకడను, దెబ్బ తగలకుండ పడటాన్ని, పడిన తరువాత లేవటాన్ని నేర్పుతున్నారు. మన క్లబ్బులు కూడ వైద్యుల సలహాతో, గురువుల పర్యవేక్షణలో వారానికొక ఉదయం ఈ పని చేయవచ్చును. తాతగారిని చాపమీద పడవేయనక్కర లేదు. కుర్చీలోనుంచి ఆధారం లేకుండ లేవడం, ఒంటికాలి మీద క్షణకాలం నిలువడం, నేలమీద కూర్చుండి మరల లేవడం, ఇవి చాలును.

మూడవది చూపులేని పిల్లల కోసం. చూపులేనివారి జూడోలో పోటీదారులిద్దరూ ఒకరి అంగీ ఒకరు పట్టుకొన్న తరువాతనే ఆట మొదలవుతుంది. ఆపై చేతుల స్పర్శయే చూపు. మధ్యప్రదేశానికి చెందిన కపిల్ పర్మార్ 2024 సెప్టెంబరులో ప్యారిస్ పారాలింపిక్సులో కాంస్య పతకం సాధించాడు. ఒలింపిక్సులో గాని పారాలింపిక్సులో గాని జూడోలో భారతదేశానికి దక్కిన మొదటి పతకం అదే. అటువంటి పిల్లలకు కావలసినది చాప అంచు దాక చేయి పట్టి నడిపించి, పదిసార్లు నిజాయితీగా పడగల ఒక స్నేహితుడు.

నాలుగవది ఆపత్కాలం. సముద్రతీరాన ఉన్నాము, తుఫానులు వస్తూనే ఉంటవి. ప్రథమ చికిత్స నేర్చుకోండి. గుండె ఆగిన మనిషి రొమ్ము నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్ల వంతున అదిమే పద్ధతిని శిక్షకుల వద్ద అభ్యసించండి. పద్ధెనిమిదేళ్లు నిండినవారికి రెడ్‌క్రాస్ శిక్షణలు, పౌరరక్షణ దళాలు, జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2016లో ఆరంభించిన ఆపద మిత్ర పథకం వంటివి ఉన్నవి. ఒక హెచ్చరిక మాత్రం వినండి. ఒంట్లో బలమున్నదన్న ధీమాతో, అలలలో కొట్టుకుపోతున్నవారి కోసం సముద్రంలోకి దూకవద్దు. మన తీరపు సుడులు జూడో నేర్చినవానిని, నేర్వనివానిని ఒకే తీరున లాగుతవి. తేలే వస్తువు ఏదైనా విసరండి, గజ ఈతగాళ్లను కేక వేయండి. శక్తిని మేలైన రీతిలో వినియోగించడమంటే ఇది కూడ.

జూడో మొదటిసారి ఒలింపిక్సులో చేరినది 1964లో, టోకియోలో. అక్టోబరు 23వ తేదీన బరువుతో నిమిత్తంలేని పోటీలో హాలండు దేశస్థుడు ఆంటన్ గీసింక్ జపానీ వీరుడు కామినాగాను చాపకు అదిమిపట్టి ఓడించాడు. జపాను ప్రజలు నిశ్చేష్టులైనారు. గీసింక్ అభిమానులు కొందరు ఆనందం పట్టలేక చాపమీదికి ఉరకబోయారు. ఆయన వెంటనే చేయి ఎత్తి వారిని ఆపాడు. ఓడినవానికి నమస్కరించిన పిమ్మటనే గెలుపు. ఆ దినం ఆయన గెలిచిన పట్టు కంటె ఎత్తిన ఆ చేయి జపానువారి మనస్సులలో ఎక్కువ కాలం నిలిచినదంటే అతిశయోక్తి కాదు.

యువ మిత్రులారా! మీలో ఒలింపిక్సుకు పోయేవారు ఒకరో ఇద్దరో ఉండవచ్చును, ఎవరూ ఉండకపోవచ్చును. కాని పడినవారిని లేపవలసిన అవసరం మీలో ప్రతి ఒక్కరికీ, ఏదో ఒక వీధిలో, ఏదో ఒక దినాన తప్పక వస్తుంది. పడటం ఎట్లాగో ఒంటికి తెలిసినవాడు పడినవానిని చూచి నవ్వడు. వంగి చేయి అందిస్తాడు.

మా అబ్బాయి ఇప్పుడు కాలేజీ చదువులో ఉన్నాడు. పతకాలు రాలేదు. మంగళ, శుక్రవారాల సాయంకాలం మాత్రం సంచి భుజాన వేసుకొని బయలుదేరుతాడు. "ఈ రోజు ఎన్నిసార్లు గెలిచావురా?" అని అడిగే అలవాటు నేను మానుకొన్నాను. "ఎవరికోసం పడ్డావు?" అని అడుగుతున్నాను. వాడు పేర్లు చెప్పుతాడు. ఆ పేర్లన్నీ చిన్నపిల్లలవే.